ఆచార్య నార్లికరుగారు: పరిశోధనయు ప్రజావిద్యయు

2025వ సంవత్సరము మే నెల 20వ తేదీన ఆచార్య జయంత విష్ణు నార్లికరుగారు పుణె నగరమున కాలధర్మము నొందిరి. అప్పటికి వారి వయస్సు 86 సంవత్సరములు. పెద్దలు గతించినప్పుడు వారు పొందిన బిరుదములను వరుసగ పేర్కొని ఊరకుండుట మన పత్రికలకు వాడుక. ఆ పని చేయుటకు రెండు పంక్తులు చాలును. 1965లో పద్మభూషణము, 1996లో యునెస్కోవారి కళింగ బహుమానము, 2004లో పద్మవిభూషణము, 2014లో సాహిత్య అకాడెమీ పురస్కారము వారికి లభించినవి. ఇంతటితో ఆ ప్రసంగమును ముగించి, మేము విచారింపదలచినది వేఱొక విషయము.

నార్లికరుగారు యౌవనము మొదలుకొని వార్ధక్యమువఱకు ఒక విశ్వసిద్ధాంతమును సమర్థించిరి. లోకమునందలి ఖగోళ శాస్త్రజ్ఞులలో అధికసంఖ్యాకులు దానిని అంగీకరింపలేదు. ఐనను అంగీకరింపనివారే ఆయనను సభలకు పిలిచిరి, ఆయన గ్రంథములతో విద్యార్థులకు పాఠములు చెప్పిరి, ఆయన నిర్మించిన సంస్థలో పనిచేసిరి. మన దేశమున అభిప్రాయభేదము కలిగినంతనే మనుష్యునితో మాటలాడుట మానుదుము. ఓడిన పక్షమువానిని మఱచిపోవుదుము. ఇట్టిచోట ఈయనకు ఈ గౌరవము ఎట్లు నిలిచినది? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకినచో ఆయన పరిశోధనకును, బాలురకును సామాన్యజనులకును ఆయన చెప్పిన పాఠములకును గల సంబంధము తేటపడునని మా తలంపు.

నార్లికరుగారు 1938వ సంవత్సరము జూలై 19వ తేదీన కొల్హాపురమున జన్మించిరి. తండ్రియైన విష్ణు వాసుదేవ నార్లికరుగారు కేంబ్రిడ్జిలో చదివిన గణితవేత్త. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున గణితశాఖకు అధిపతి. తల్లి సుమతీదేవిగారు సంస్కృతము నెఱిగిన విదుషి. ఇంట మహారాష్ట్రము, బడిలో హిందీ, తల్లివలన సంస్కృతము, కళాశాలలో ఇంగ్లీషు. ఈ నాలుగు భాషల నడుమ బాలుడు పెరిగెను. కాశీలోని సెంట్రల్ హిందూ పాఠశాలలో ఆయన శాస్త్రములను నేర్చినది హిందీలోనే. దేశభాషలో ప్రారంభించిన చదువు ఉన్నతవిద్యకు అడ్డమగునని భయపడు తలిదండ్రులు ఈ సంగతిని గమనింపవలెను. 1957లో కాశీ విశ్వవిద్యాలయమున పట్టము పొంది కేంబ్రిడ్జికి పోయిన ఆ యువకుడు 1959లో అచటి గణిత పరీక్షయందు ప్రథముడై సీనియర్ రాంగ్లరు అనిపించుకొనెను.

కేంబ్రిడ్జిలో ఆయనకు గురువుగ లభించినవారు ఫ్రెడ్ హొయిల్ పండితులు. నక్షత్రముల గర్భములందు మూలద్రవ్యములు ఎట్లు పుట్టుచున్నవో వివరించినవారిలో హొయిల్ అగ్రగణ్యుడు. ఆయన 1948లో బోండీ, గోల్డ్ అను ఇరువురు మిత్రులతో ఏకకాలమున ఒక నూతన విశ్వసిద్ధాంతమును ప్రతిపాదించెను. దానికి స్థిరస్థితి సిద్ధాంతమని పేరు. విశ్వము విస్తరించుచున్నదనియు, గెలాక్సీలు ఒకదానినుండి ఒకటి దూరముగ పోవుచున్నవనియు అప్పటికే తేలియుండెను. అట్లైనచో పూర్వకాలమున అవి అన్నియు ఒక్కచోట క్రిక్కిఱిసి యుండవలెననియు, ఒకానొక క్షణమున మహావిస్ఫోటముతో విశ్వము ఆరంభమై యుండవలెననియు ఒక పక్షము. హొయిల్ పక్షము వేఱు. ఒక గ్రామమునుండి ఏటేట కొందఱు వలసపోవుచుండ, అంతమందియే శిశువులు పుట్టుచుండినచో ఆ గ్రామపు జనసంఖ్య ఏనాడు చూచినను ఒకే తీఱున నుండును గదా. అట్లే గెలాక్సీలు దూరమగుచుండగ నడుమ ఏర్పడు అవకాశమున క్రొత్తద్రవ్యము కొంచెము కొంచెముగ పుట్టుచుండుననియు, అందువలన విశ్వమునకు ఆదియు లేదు, అంతమును లేదనియు ఆయన వాదించెను.

ఈ సిద్ధాంతమున కొక గుణము కలదు. దానిని పరీక్షింపవచ్చును. విశ్వము ఎల్లప్పుడు ఒకే తీఱున నుండునన్నచో, మిక్కిలి దూరమున, అనగా మిక్కిలి పూర్వకాలమున ఉన్న భాగమును దగ్గఱి భాగమును ఒకే విధముగ కనబడవలెను. 1961లో మార్టిన్ రైల్ అను కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు ఆకాశమునుండి రేడియో తరంగములను పంపు వస్తువులను లెక్కపెట్టి, దూరమున నున్నవి ఉండవలసినదానికంటె ఎక్కువగ నున్నవనియు, కావున స్థిరస్థితి సిద్ధాంతము నిలువదనియు ప్రకటించెను. ఆ ఫిబ్రవరిలోనే లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో హొయిల్ పక్షమున ప్రత్యుత్తరము చెప్పుటకు నిలిచినవాడు 22 ఏండ్ల నార్లికరు. గెలాక్సీల గుంపులు కలిసి ఇంకను పెద్ద గుంపులుగ ఏర్పడియుండినచో రైల్ లెక్కకు వేఱొక వివరణము సాధ్యమేయని ఆయన వాదము. ఆ మహాసముదాయములు ఉన్నవని తరువాతి పరిశీలనలలో తేలినది. ఐనను దానివలన సిద్ధాంతము గట్టెక్కలేదు. 1965లో పెంజియాస్, విల్సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఆకాశమున అన్ని దిక్కులనుండి సమముగ వచ్చు ఒక మంద్రమైన వికిరణమును కనుగొనిరి. దాని ఉష్ణత నిరపేక్ష శూన్యమునకు సుమారు 3 డిగ్రీలు మాత్రమే పైన. మహావిస్ఫోటమునాటి వేడిమి చల్లారగ మిగిలిన శేషము ఇదియే యని అధికసంఖ్యాకులు నిశ్చయించుకొనిరి. స్థిరస్థితి పక్షము క్షీణించెను.

ఇంతకు కొంచెము ముందుగ, 1964లో, హొయిల్, నార్లికరులు కలిసి గురుత్వాకర్షణకు ఒక నూతన సిద్ధాంతమును ప్రకటించియుండిరి. ఒక వస్తువును కదల్పబోయినప్పుడు అది ఎదిరించును. ఈ జడత్వము వస్తువునకు ఎక్కడినుండి వచ్చినది? దూరదూరములందున్న నక్షత్రములు మొదలైన సమస్తద్రవ్యము ఆ వస్తువుపై చూపు ప్రభావమే జడత్వమని మాక్ అను పండితుడు సూచించియుండెను. ఆ సూచనను ఐన్‌స్టీను సమీకరణములతో ముడిపెట్టి గణితరూపమున చెప్పుటయే వీరి యత్నము. ఈ వార్త పత్రికలకెక్కి, భారతీయుడొకడు ఐన్‌స్టీనును మించెనని మన దేశమున పెద్ద కోలాహలము చెలరేగెను. 26 ఏండ్ల వయస్సున పద్మభూషణము వచ్చినది అందువలననే. ఆ కోలాహలమును నమ్మి గర్వించియుండినచో ఆ యువకుడు అక్కడనే ఆగిపోయియుండెడివాడు. ఆయన కేంబ్రిడ్జికి మఱలిపోయి తన పని తాను చూచుకొనెను.

సిద్ధాంతమును ఎదిరించు సాక్ష్యము వచ్చినప్పుడు పండితుడు చేయదగినవి రెండు. ఓటమి నొప్పుకొని వేఱొక పని చూచుకొనవచ్చును. లేక ఆ సాక్ష్యమును పూర్తిగ లెక్కలోనికి గొని తన వాదమును సవరింపవచ్చును. చేయరాని పని యొకటి కలదు, సాక్ష్యమే లేదనుట. నార్లికరుగారు రెండవ మార్గమును త్రొక్కిరి. 1993లో హొయిల్, జెఫ్రీ బర్బిడ్జిలతో కలిసి ఆయన పాత సిద్ధాంతమును మార్చి క్రొత్తరూపమున ప్రకటించిరి. దానిప్రకారము ద్రవ్యసృష్టి ఒక్కసారిగ కాక అనేక స్థలములందు చిన్న చిన్న విస్ఫోటములుగ జరుగును; విశ్వము దీర్ఘకాలమున విస్తరించుచునే నడుమ నడుమ ఉబ్బుచు తగ్గుచు నుండును; 3 డిగ్రీల వికిరణము నక్షత్రకాంతియే, అంతరిక్షమునందలి సన్నని లోహపు నలుసులచే మాఱిన రూపము. ఈ వివరణమును అధికసంఖ్యాకులు ఒప్పుకొనలేదు. తరువాత ఉపగ్రహములు ఆ వికిరణమును మఱింత సూక్ష్మముగ కొలువగ మహావిస్ఫోట పక్షమే బలపడినది. ఆయన మాత్రము చివరివఱకు, ఒక సిద్ధాంతమును అందఱును నమ్ముచున్నంతమాత్రమున ప్రశ్నలు అడుగుట మానరాదని చెప్పుచునే యుండిరి.

మేము న్యాయస్థానములందు కొంతకాలము మెలగినవారము. అచట పై న్యాయస్థానము తీర్పు చెప్పినంతనే వ్యవహారము ముగియును. తీర్పు తప్పైనను ఒప్పైనను ముగియక తప్పదు. శాస్త్రమున తుది న్యాయస్థానము లేదు. క్రొత్త సాక్ష్యము చూపగలవానికి పునర్విచారణ ఎల్లప్పుడు లభించును. కాని సాక్ష్యభారము మాత్రము కోరినవానిపైననే యుండును. నార్లికరుగారు తమ హక్కును విడువలేదు, సాక్ష్యభారమును త్రోసిపుచ్చనులేదు. అంగీకరింపనివారును ఆయనను గౌరవించుటకు కారణమిదియే.

1972లో ఆయన కేంబ్రిడ్జిని విడిచి బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో చేరిరి. విదేశమున స్థిరపడిన పండితులు మఱలివచ్చుట ఆ దినములలో అరుదు. 1988లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమునకు అధ్యక్షులుగ నుండిన ఆచార్య యశ్‌పాల్ గారి ప్రోత్సాహమున పుణెలో విశ్వవిద్యాలయముల ఉమ్మడి ఖగోళవిజ్ఞాన కేంద్రము ఏర్పడెను. దానికి నార్లికరుగారు స్థాపక సంచాలకులై 2003 వఱకు నడిపిరి. ఆంగ్లాక్షరముల సంక్షేపముచే దీనిని ఐయుకా యందురు. ఈ సంస్థ ఉద్దేశమును మన పాఠకులు గమనింపవలెను. మన విశ్వవిద్యాలయములలో ఖగోళశాస్త్రమునందు ఆసక్తిగల ఆచార్యుడు ఒక్కొక్కచోట ఒక్కడుండును. అతనికి దూరదర్శిని లేదు, గ్రంథాలయము చాలదు, మాటలాడుటకు సాటివాడు లేడు. అట్టివారు ఏడాదిలో కొంతకాలము వచ్చి అచట పనిచేసికొని తమ ఊళ్లకు మఱలిపోయి శిష్యులకు నేర్పుటకు ఈ కేంద్రము పుట్టినది. ప్రతిభావంతులను తనలోనికి లాగికొని విశ్వవిద్యాలయములను ఎండబెట్టు సంస్థలు మనకు చాలనున్నవి. ఇది అందులకు విరుద్ధము. ఆవరణలోని భవనములను చార్లెస్ కొఱియా నిర్మించిరి. న్యూటను, ఐన్‌స్టీను, గెలిలియోలతోబాటు ఆర్యభటుని విగ్రహము గూడ అచట నిలిచియున్నది.

ఇక ప్రజావిద్య. ఉపన్యాసము ముగిసినంతనే బాలురు సంతకము కొఱకు పుస్తకములతో చుట్టుముట్టుచుండగ నార్లికరుగారు ఒక నియమము పెట్టిరి. వట్టి సంతకము చేయను. ఇంటికి పోయి ఒక పోస్టుకార్డుపై శాస్త్రవిషయమున ఒక ప్రశ్న వ్రాసి పంపుము, దానికి ప్రత్యుత్తరము వ్రాసి క్రింద సంతకము చేసెదను, అని. పోస్టుకార్డులు రాసాగినవి. ఆయన తామే ప్రత్యుత్తరములు వ్రాసిరి. ఈ చిన్నపనిలోని నేర్పును చూడుడు. సంతకము కోరిన బాలుడు పెద్దమనుష్యుని పూజింపవచ్చినవాడు. ప్రశ్న వ్రాసిన బాలుడు శాస్త్రమున ప్రవేశించినవాడు. పూజను ప్రశ్నగ మార్చుటకు ఆయనకు కావలసిన వ్యయము ఒక కార్డు. ఐయుకాలో రెండవ శనివారములందు పాఠశాలల పిల్లల కొఱకు ఉపన్యాసములు ఏర్పఱచిరి. వేసవి సెలవులలో పిల్లలను పిలిచి శాస్త్రజ్ఞుల ప్రక్కన కూర్చుండబెట్టి చిన్న చిన్న పరిశోధనలు చేయించిరి. దూరదర్శన్‌లో బ్రహ్మాండము అను పేర ధారావాహికముగ ఖగోళశాస్త్రమును బోధించిరి. జాతీయ విద్యాపరిశోధన మండలి 2005 తరువాత సిద్ధపఱచిన గణిత, విజ్ఞాన పాఠ్యపుస్తకముల సలహాసంఘమునకు అధ్యక్షత వహించిరి. ఆ పుస్తకములను దేశమంతటను లక్షలాది పిల్లలు చదివిరి. వారిలో అధికులకు ఆయన పేరు తెలిసియుండదు.

ఆయన కథలును వ్రాసిరి. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తువారు శాస్త్రకథల పోటీ పెట్టగ, తన పేరు చూచి నిర్ణేతలు మొగ్గుదురేమోయని, తన పేరులోని పొడియక్షరములను తలక్రిందులు చేసి నారాయణ వినాయక జగ్తాప్ అను మాఱుపేరుతో కృష్ణవివరము అను కథను పంపిరి. ఆ కథకే బహుమానము వచ్చినది. పేరు దాచి పరీక్షకు నిలుచుట ఆయనకు స్వభావముగ నుండెను. తరువాత మరాఠీలో కథలు, నవలలు పెక్కు వెలువడినవి. నాలుగు నగరములలో తన జీవితమును చెప్పుకొనిన మరాఠీ ఆత్మకథకే సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది. 2021లో నాసికమున జరిగిన అఖిలభారత మరాఠీ సాహిత్యసమ్మేళనమునకు ఆయనను అధ్యక్షునిగ ఎన్నుకొనిరి. కవులును నవలాకారులును ఎక్కు పీఠమున ఒక ఖగోళవేత్తను నిలిపిన ఆ భాషాభిమానులను మేము మనసార అభినందించుచున్నాము.

ఇచట మన సంగతి కొంచెము చెప్పక తప్పదు. మరాఠీవారిని చూచి తెలుగున శాస్త్రగ్రంథములు వెలయింపవలెనని మొదట కంకణము కట్టుకొనినవారు కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు. వారు నాగపురమున చదివి, మరాఠీలో రచనలు చేసి, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. తరువాత విజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, అది ముగియకమునుపే 1923లో గతించిరి. తెలుగునేలకు వెలుపల పెరిగిన చదువు తెలుగునకు ఎంత మేలు చేయగలదో ఆ ఒక్క జీవితమువలన తెలియును. నేటికిని షోలాపురపు మగ్గముల నడుమను, బొంబాయి పేటలందును, కర్ణాటకమునను, తమిళనాటను, ఓఢ్రదేశమునను తరతరములుగ నివసించుచు ఇంట తెలుగును వీధిలో ఇంకొక భాషను మాటలాడు మనవారు లక్షలమంది కలరు. రెండు భాషలు తెలియుట భారమని వారు తలంపరాదు. అది వంతెన. నార్లికరుగారి మరాఠీ రచనలను సూటిగ తెలుగు చేయగల శక్తి ఇంగ్లీషు చదివిన మాబోంట్లకంటె షోలాపురపు తెలుగు ఉపాధ్యాయునకు ఎక్కువగ కలదు.

నార్లికరుగారి జీవితమున అందఱకును రుచింపని ఘట్టమొకటి కలదు. దానిని దాచుట మాకు ఇష్టము లేదు. 2001 ఫిబ్రవరిలో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు విశ్వవిద్యాలయములలో వైదిక జ్యోతిషమును పట్టపాఠముగ బోధించుటకు శాఖలు నెలకొల్పుదుమని ప్రకటించిరి. ఇది వైదికమును కాదు, విజ్ఞానమును కాదు అని నార్లికరుగారు వ్యాసము వ్రాసి వాదించిరి. హైదరాబాదులోని కణజీవ పరిశోధన కేంద్రమునకు స్థాపక సంచాలకులైన డాక్టరు పుష్పమిత్ర భార్గవగారు మొదలగువారు ఆంధ్రప్రదేశ్ ఉన్నత న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. అది కొట్టివేయబడెను. సుప్రీంకోర్టువారును 2004 మే నెలలో అప్పీలును త్రోసిపుచ్చిరి. ఏ విషయమును బోధింపవలెనో నిర్ణయించుట విద్యానిపుణుల పనియనియు, అట్టి నిర్ణయములలో న్యాయస్థానము చేయి పెట్టుట తగదనియు వారి అభిప్రాయము. న్యాయవాదులుగ ఈ తీర్పును మేము తప్పుపట్టము. జ్యోతిషము సత్యమా యను ప్రశ్నకు న్యాయాధిపతులు ప్రత్యుత్తరము చెప్పలేదు. చెప్పుటకు అది తమ స్థానము కాదనిరి. కొందఱు మాత్రము ఆ తీర్పును జ్యోతిషము శాస్త్రమని సుప్రీంకోర్టు ఒప్పుకొన్నట్లు చాటుకొనిరి. అది తీర్పును చదువనివారి మాట.

న్యాయస్థానము తనది కాదన్న ప్రశ్నను నార్లికరుగారు దానికి తగిన స్థానమునకు, అనగా ప్రయోగమునకు, తీసికొనిపోయిరి. 2008లో పుణె విశ్వవిద్యాలయపు గణాంకశాస్త్ర పండితులును, డాక్టరు నరేంద్ర దాభోల్కర్ గారి అంధశ్రద్ధా నిర్మూలన సమితివారును వారికి తోడైరి. చదువులో మేటులైన 100 మంది పిల్లలవి, మానసిక వికాసము కొఱవడిన 100 మంది పిల్లలవి జన్మకాలములు సేకరించి 200 జాతకచక్రములు వేయించిరి. ఒక్కొక్క జ్యోతిష్కునకు ఏ తారతమ్యము లేక 40 జాతకములు పంపి, ఏది ఏ తెగకు చెందినదో చెప్పుడనిరి. 51 మంది జాతకములు కోరి పుచ్చుకొనిరి. 27 మంది ప్రత్యుత్తరములు పంపిరి. మొత్తముమీద సరిపోయినవి నూటికి 46. ఒక జ్యోతిష సంస్థవారు 200 జాతకములను చూచి 102 సరిగ చెప్పిరి. నాణెమును పైకి విసరి బొమ్మయా బొరుసా యని చెప్పినను నూటికి 50 సరిపోవును గదా. ఈ ఫలితము 2009లో కరెంట్ సైన్స్ పత్రికయందు ప్రకటితమైనది.

ఈ పరీక్షలో ఎవరిని అవమానించుటయు లేదు. జ్యోతిష్కులు అందఱును చెప్పగలమను విషయమునే అడిగిరి. ఎవరి జాతకము ఎవరిదో ఇరుపక్షములకు తెలియనట్లు ఏర్పాటు చేసిరి. లెక్కను బహిరంగముగ ప్రకటించిరి. నార్లికరుగారి సొంత సిద్ధాంతమునకు రైల్ లెక్కలు పెట్టిన పరీక్షయు ఇట్టిదియే. తాను లోబడిన నియమమునకే ఇతరులను లోబడుమనుట న్యాయము. దీనినే మేము ఆయన పరిశోధనకును ప్రజావిద్యకును గల ముడియని తలంచుచున్నాము. ఈ పనిలో తోడ్పడిన దాభోల్కర్ గారిని 2013 ఆగస్టు 20వ తేదీన పుణె వీధిలో ఉదయపు నడకకు పోయినవేళ తుపాకులతో కాల్చి చంపిరి. ప్రశ్న అడుగుట మన దేశమున ఎంత వెలగలదో ఈ ఒక్క సంగతి చెప్పును.

హైదరాబాదునకును నార్లికరుగారికిని మఱియొక సంబంధము కలదు. జీవబీజములు భూమిపైననే పుట్టినవా, అంతరిక్షమునుండి వచ్చినవా యను ప్రశ్నను హొయిల్ తఱుచు లేవదీయుచుండెను. దానిని పరీక్షింపదలచి నార్లికరుగారు ముఖ్యపరిశోధకులుగ, ఇస్రోవారి ద్రవ్యసహాయముతో, హైదరాబాదులో టాటా సంస్థవారు నడుపు బెలూను కేంద్రమునుండి 2001లోను మఱల 2005లోను పెద్ద బెలూనులను ఎగురవేయించిరి. అవి 20 మొదలు 41 కిలోమీటర్ల ఎత్తులవఱకు గాలిని పట్టి తెచ్చినవి. ఆ గాలిని హైదరాబాదులోని కణజీవ కేంద్రమునను పుణెలోని కణవిజ్ఞాన కేంద్రమునను వేఱువేఱుగ పరీక్షించిరి. రెండవ ప్రయోగమున దొరికిన సూక్ష్మజీవులలో మూడు అంతకు ముందు ఎవరును ఎఱుగని బాక్టీరియములు. 2009లో వానికి పేర్లు పెట్టిరి: ఒకదానికి హొయిల్ పేర, ఒకదానికి ఇస్రో పేర, ఒకదానికి ఆర్యభటుని పేర. గురువు వాదమునకు బలము చేకూరినదని శిష్యుడు చాటింపు వేసియుండవచ్చును. వేయలేదు. ఈ జీవులు భూమికి వెలుపలినుండి వచ్చినవని ఇందువలన నిశ్చయముగ తేలలేదని ప్రకటనలోనే వ్రాసిరి. గురుభక్తి వేఱు, సాక్ష్యము వేఱు. రెంటిని కలుపని నిగ్రహము పండితులలోను అరుదు.

1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము కర్ణాటకము మీదుగ, తెలుగునేలలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు జపాల్ రంగాపురము వేధశాల మీదుగ, ఓఢ్రదేశమున కోణార్కము వఱకు సాగిపోయెను. పరదేశములనుండి శాస్త్రజ్ఞులు దానిని చూచుటకు పెట్టెలు మోసికొని వచ్చిరి. మనవారిలో ఎంతోమంది తలుపులు మూసికొని లోపల కూర్చుండిరి, వీధులు శూన్యములైనవి. పట్టపగలు నక్షత్రములు కనబడు ఆ రెండు మూడు నిమిషములు ఒక గ్రామమునకు నూఱేండ్లకు ఒకసారియైనను రావు. తగిన అద్దములతో చూడవచ్చునని చెప్పువారు ఊరికి ఒక్కడు ఉండినచో ఎందఱో పిల్లలు ఆ దృశ్యమును జన్మాంతమువఱకు తలచుకొనియుండెడివారు. ప్రజలకు శాస్త్రము చెప్పుట పండితులకు తీఱికవేళల వేడుకయని తలంచువారు ఆ మూసిన తలుపులను స్మరింతురుగాక.

ఈ విషయమున పత్రికలవారమైన మేము నిర్దోషులము కాము. తెలుగు పత్రికలలో వారఫలములకు స్థలము తప్పదు. ఖగోళ వార్తకు స్థలము దొరకుట కష్టము. పాఠకులు కోరుచున్నారని మేము చెప్పుదుము. బాలురు సంతకము కోరినప్పుడు నార్లికరుగారు కాదనలేదు; కోరికను మఱియొక దిక్కునకు త్రిప్పిరి. మేమును అట్లు చేయవచ్చును. వారమునకు ఒక్కసారి, ఆ రాత్రి ఆకాశమున ఏ గ్రహము ఎటు కనబడునో, గ్రహణము ఎప్పుడు ఎట్లు చూడవలెనో, నాలుగు పంక్తులు ముద్రించుటకు ఏ పత్రికయు బీదపడదు. పిల్లల ప్రశ్నలు అచ్చువేసి, సమీపమున నున్న కళాశాల అధ్యాపకునిచేత ప్రత్యుత్తరము వ్రాయించి ప్రకటించుట అంతకంటె కష్టము కాదు. అధ్యాపకులును దీనిని చిన్నతనముగ భావింపరాదు. కేంబ్రిడ్జిలో ప్రథముడైన పండితుడు పోస్టుకార్డుపై పదేండ్ల పిల్లవానికి జాబు వ్రాసెను.

నార్లికరుగారి విశ్వసిద్ధాంతమునకు భావికాలము ఏ తీర్పు చెప్పునో చెప్పుట మా శక్తికి మించిన పని. నేటివఱకు సాక్ష్యము దానికి ప్రతికూలము. కాని ఆయన తన జీవితముతో చెప్పిన పాఠమొకటి దానితోబాటు పోదు. ఇతరులను అడుగు ప్రశ్నను మొదట తన్ను అడుగుకొనవలెను. ప్రత్యుత్తరము తనకు అనుకూలము కానప్పుడును లోకమునకు వెల్లడింపవలెను. తలిదండ్రులు, గురువులు, పత్రికలవారము ఈ పాఠమును కొంచెమైనను నేర్చుకొందుమేని, ఆయనకు మనము వేఱుగ స్మారకము కట్టనక్కఱలేదు.